సమాంతర ప్రోగ్రాము వేగంగా నడవాలంటే మ్యూటబుల్ డేటా స్ట్రక్చర్లు తప్పనిసరా?

ప్రశ్న అడిగినవారు భీమవరంలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నారు. ఉపగ్రహ చిత్రాల నుంచి డెల్టాలోని చేపల, రొయ్యల చెరువులను గుర్తించి ఒక్కొక్క చెరువు విస్తీర్ణాన్ని లెక్కగట్టడం వారి ప్రాజెక్టు. చేతిలో ఎనిమిది కోర్ల యంత్రం ఉంది. సమాంతరంగా వేగం కావాలంటే మ్యూటబుల్ అర్రేలు, అంటే రాశాక కూడా మార్చదగిన విలువల వరుసలు, తప్ప గత్యంతరం లేదని గైడు చెప్పారట. డేటాను మార్చడమే అన్ని తప్పులకూ మూలమనీ, ఒకసారి రాసిన డేటా మారకుండా అంతా ఇమ్మ్యూటబుల్‌గా రాస్తే కోర్లు పెరిగినకొద్దీ వేగం దానంతటదే పెరుగుతుందనీ ఫంక్షనల్ భాషలను ఇష్టపడే సీనియర్ ఒకరు చెప్పారట. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది ప్రశ్న.

తప్పనిసరి కాదు. కానీ ఇమ్మ్యూటబుల్‌గా రాసినంత మాత్రాన వేగం రాదు. ఒకే సమయంలో ఒకటికి మించిన థ్రెడ్లు (ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనులు) చూస్తున్న డేటా మారకుండా ఉండాలి. ఒక్క థ్రెడ్ మాత్రమే చూస్తున్న డేటాను ఆ థ్రెడ్ ఎన్నిసార్లు మార్చుకున్నా ఎవరికీ నష్టం లేదు, పైగా చాలా పనులకు అదే చవక. మీ గైడు ఈ రెండో సంగతిని, మీ సీనియర్ మొదటి సంగతిని చెబుతున్నారు. ఇద్దరూ వాటిని అన్ని సందర్భాలకూ వర్తింపజేయడం వల్ల మీకు అవి ఎదురెదురు మాటల్లా వినిపిస్తున్నాయి.

నేను పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఎక్కువ కాలం హైదరాబాదులో, ఇప్పుడు అమలాపురంలో ఇంటి నుంచే. మూడేళ్ల కిందట మేత వ్యాపారం చేసే ఒకరి కోసం దాదాపు మీ ప్రాజెక్టులాంటిదే చేశాను, అందులో చేయదగిన తప్పులు చాలావరకు చేశాను. కాబట్టి మీ పనినే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు పరిమాణం చూడండి. సెంటినల్-2 ఉపగ్రహం తీసిన చిత్రంలో ఒక పలక 10,980 వరుసలు, 10,980 నిలువులు, అంటే 12 కోట్ల పైచిలుకు పిక్సెళ్లు. పిక్సెల్ ఒక్కొక్కటి నేల మీద 10 మీటర్ల చదరం కనుక ఎకరం చెరువు సుమారు 40 పిక్సెళ్లుగా కనిపిస్తుంది. పని మూడు భాగాలు: ఏ పిక్సెల్ నీరో తేల్చడం, పక్కపక్కన ఉన్న నీటి పిక్సెళ్లను ఒకే చెరువుగా కలపడం, ఒక్కో చెరువులో ఎన్ని పిక్సెళ్లున్నాయో లెక్కించడం. మూడింటిలోనూ మీ ప్రశ్నకు జవాబు వేరువేరుగా ఉంటుంది.

మొదటి భాగంలో గొడవే లేదు. ఆకుపచ్చ కాంతి విలువకూ సమీప పరారుణ విలువకూ ఉన్న తేడాను వాటి మొత్తంతో భాగిస్తే నీటి సూచిక వస్తుంది, అది ఒక హద్దు దాటితే నీరు. ఏ పిక్సెల్ ఫలితమూ పక్క పిక్సెల్ ఫలితం మీద ఆధారపడదు. మూల చిత్రాన్ని ఎవరూ మార్చరు, ప్రతి థ్రెడ్డూ తన వంతు వరుసల ఫలితాన్ని కొత్త అర్రేలో ఒక్కసారి రాస్తుంది. ఒక కమతంలో ఐదు ముఠాలు ఐదు మళ్లలో ఊడ్పులు ఊడ్చినట్టు, ఎవరూ ఇంకొకరి మడిలో అడుగు పెట్టరు. దీన్ని సి భాషలో లూప్‌గా రాసినా, హాస్కెల్‌లో (ఇదొక ఫంక్షనల్ భాష) రెపా వంటి లైబ్రరీతో మ్యాప్‌గా రాసినా, చివరికి యంత్రం చేసే పని ఒకటే: రెండు అర్రేలు చదవడం, ఒక అర్రే రాయడం. ఇక్కడ మ్యూటబుల్ అనాలా ఇమ్మ్యూటబుల్ అనాలా అన్నది పేరు తగువే.

ఒక పక్క మాట. సార్వా ఊడ్పుల రోజుల చిత్రం తీసుకోకండి. అప్పుడు పొలాలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి కనుక మీ ప్రోగ్రాము కోనసీమ మొత్తాన్నీ ఒకే చెరువుగా చూపిస్తుంది. దాళ్వా కోతలు అయిపోయి కాలువలు కట్టేసిన వేసవి రోజుల చిత్రంలో నీరు కనిపించే చోటు చాలావరకు నిజంగా చెరువో, నదో, కాలువో అయి ఉంటుంది.

ఇక రెండో భాగానికి వెళ్లేముందు, ఇమ్మ్యూటబుల్ అన్న ఒక్క మాట కింద రెండు వేరు వస్తువులను కలిపేస్తున్నామన్న సంగతి గమనించాలి. ఒకసారి రాసి ఆపైన ముట్టుకోని మామూలు అర్రే మొదటిది. దాని వేగం మ్యూటబుల్ అర్రే వేగమే. రెండోది, ఒక్క మూలకాన్ని మార్చమని అడిగినప్పుడు పాతదాన్ని అలాగే ఉంచి, మారిన దారిని మాత్రం కొత్తగా కట్టి ఇచ్చే చెట్టు. వీటిని పర్సిస్టెంట్ డేటా స్ట్రక్చర్లు అంటారు. ఫిల్ బాగ్‌వెల్ 2000 ప్రాంతంలో రూపొందించిన ట్రై నిర్మాణాల ఆధారంగా, 2007లో వచ్చిన క్లోజర్ భాషలో రిచ్ హికీ వీటిని అందరికీ పరిచయం చేశారు. అక్కడి వెక్టర్‌లో ప్రతి కణుపు దగ్గరా 32 కొమ్మలుంటాయి.

మీ 12 కోట్ల పిక్సెళ్లకు ఆ చెట్టు ఎంత లోతు ఉండాలో లెక్క వేయండి. ఐదు అంతస్తులు 3.35 కోట్ల మూలకాలకే చాలుతాయి కనుక ఆరు అంతస్తులు కావాలి. ఒక్క పిక్సెల్ గుర్తును మార్చాలంటే ఆరు కణుపులను నకలు తీయాలి. 8 బైట్ల పాయింటర్ల (మెమరీ చిరునామాల) లెక్కన ఒక్కో కణుపు 256 బైట్లు, ఆరింటికి 1,536 బైట్లు. మార్చదలచుకున్నది 4 బైట్లే. పిక్సెల్‌కు ఒక్కసారి చొప్పున అన్నింటినీ మారిస్తే దాదాపు 185 గిగాబైట్ల కొత్త మెమరీ పుట్టి, అందులో అధిక భాగం వెంటనే చెత్త అవుతుంది. ఎనిమిది కోర్లున్నా మెమరీకి వెళ్లే దారి ఉమ్మడిదే. ఆ దారి నిండిపోయిన తర్వాత తొమ్మిదో కోర్ పెట్టినా, పదహారు పెట్టినా అవి వరుసలో నిలబడి ఎదురుచూడటమే. మీ సీనియర్ చెప్పిన వేగం రాకపోవడానికి నేను చూసిన కారణాల్లో లాకుల (ఒక థ్రెడ్ వాడుతుండగా మిగిలినవాటిని ఆపే తాళాల) కన్నా ఇదే ఎక్కువ.

ఈ ఖర్చు సంగతి ఆ భాషను చేసినవారికి తెలియనిది కాదు. అందుకే క్లోజర్‌లో ట్రాన్సియెంట్లు పెట్టారు: ఒక ఫంక్షను లోపల చెట్టును నేరుగా మార్చుకుంటూ కట్టి, పూర్తయ్యాక గడ్డకట్టించి బయటికి ఇవ్వవచ్చు. హాస్కెల్‌లో 1994 నుంచీ ఎస్‌టీ మోనాడ్ అనే ఏర్పాటు చేస్తున్నదీ ఇదే. లోపల మార్పు జరిగిందన్న సంగతి బయటివారికి కనిపించే వీలే ఉండదు.

సిద్ధాంతం ఏమంటుందో కూడా ఒక మాట. మార్చదగిన మెమరీని సమతూకమైన చెట్టుతో అనుకరించవచ్చు కనుక, మార్పు లేకుండా రాయడం వల్ల పడే అదనపు భారం ఎంత ఘోరంగా ఉన్నా ఒక లాగరిథమ్ రెట్టు దాటదు. కొన్ని పనుల్లో, వెనువెంటనే లెక్కించే భాషలో, ఆ రెట్టు తప్పదని నికొలస్ పిప్పెంజర్ 1996లో నిరూపించారు. బద్ధక మూల్యాంకనం (అవసరమైనప్పుడే లెక్కించడం) ఉన్న భాషలో అదే ఉదాహరణను ఆ భారం లేకుండా చేయవచ్చని మరుసటి ఏడాదే బర్డ్, జోన్స్, డీ మూర్ చూపించారు. ఇదంతా చదవడానికి బాగుంటుంది కానీ, మీ యంత్రంలో అసలు దెబ్బ ఆ లాగరిథమ్ వల్ల కన్నా కావలసిన డేటా కోర్ పక్కనుండే చిన్న, వేగమైన మెమరీలో (క్యాష్) దొరకకపోవడం వల్ల ఎక్కువ తగులుతుంది.

రెండో భాగం, చెరువులుగా కలపడం. దీనికి వాడేది యూనియన్-ఫైండ్. ప్రతి పిక్సెల్ తన పెద్ద ఎవరో గుర్తుపెట్టుకుంటుంది, రెండు పిక్సెళ్లు ఆనుకుని ఉంటే ఇద్దరి పెద్దలనూ కలిపేస్తాము, వెతికినప్పుడల్లా దారిని కుదించుకుంటూ పోతాము. ఆ కుదింపు వల్లనే అది అంత వేగంగా ఉంటుంది, ఆ కుదింపు అంటే మార్పే. మీ గైడు మాటకు పూర్తి బలం ఉన్నది ఈ భాగంలోనే. యూనియన్-ఫైండ్‌ను పర్సిస్టెంట్‌గా చేసిన పరిశోధకులు కాంషాన్, ఫిలియాత్ర్ కూడా లోపల మార్పును వాడుకున్నారు, బయటికి మాత్రమే కనబడనివ్వలేదు.

అయితే మార్పు కావాలన్నంత మాత్రాన ఒకే అర్రేను ఎనిమిది థ్రెడ్లూ కలిసి మార్చాలని కాదు. నేను మొదట అలాగే చేసి, లాకులకు బదులు అటామిక్ సూచనలు (మధ్యలో ఎవరూ దూరలేని ఒకే అడుగు మార్పులు) పెట్టి తెలివైన పని చేశాననుకున్నాను. చిన్న చెరువుల దగ్గర బాగానే నడిచింది. వశిష్ఠ నది దగ్గరికి వచ్చేసరికి కుంటుపడింది. పలకలో నది, దాని నుంచి చీలే పాయలు, కాలువలు, సముద్రం అన్నీ కలిసి ఒకే పెద్ద ముద్ద, దాని పెద్ద పిక్సెల్ ఒక్కటే. అన్ని థ్రెడ్లూ ఆ ఒక్క చోటును మార్చడానికి పోటీపడి, ఓడిన ప్రతిదీ మళ్లీ మొదటికి వచ్చి ప్రయత్నిస్తోంది.

ఆ తర్వాత చేసినది ఇది, మీకూ ఇదే సూచిస్తాను. చిత్రాన్ని 183 వరుసల చొప్పున 60 పట్టీలుగా చేయండి. కోర్లు ఎనిమిదే అయినా పట్టీలు ఎక్కువ ఉండాలి, ఎందుకంటే చెరువులు కిక్కిరిసిన భీమవరం వైపు పట్టీకి పట్టే సమయం వేరు, సముద్రం ఎక్కువగా ఉన్న పట్టీకి పట్టే సమయం వేరు. ఖాళీ అయిన థ్రెడ్ తర్వాతి పట్టీని అందుకుంటుంది. ఒక పట్టీలోని యూనియన్-ఫైండ్ అర్రే 80 లక్షల బైట్లే కనుక చాలా యంత్రాల్లో పెద్ద క్యాష్‌లో పట్టేస్తుంది. దాన్ని ఆ ఒక్క థ్రెడ్డే, లాకూ అటామిక్కూ లేకుండా, ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటుంది. అన్నీ అయ్యాక, పట్టీలు కలిసే 59 హద్దుల వెంట మాత్రం ఒక్క థ్రెడ్ నడిచి, హద్దుకు అటూ ఇటూ ఉన్న చెరువు ముక్కలను కలుపుతుంది. ఆ హద్దుల పొడవు మొత్తం ఆరున్నర లక్షల పిక్సెళ్లకు లోపే, అంటే మొత్తంలో అర శాతానికి కాస్త ఎక్కువ. దాన్ని సమాంతరం చేయాలన్న ఆశ కూడా పెట్టుకోనక్కరలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, రెండు రోజులు నన్ను తిప్పలు పెట్టింది. హద్దులు కలిపాక, ప్రతి పిక్సెల్‌కూ చివరి పెద్ద ఎవరో అన్ని థ్రెడ్లూ కలిసి వెతుకుతాయి. ఇది చదవడమే కదా అనుకుంటాము. కానీ దారి కుదింపుతో కూడిన వెతుకులాట చదవడం కాదు, రాయడం. పేరు చూసి మోసపోకూడదు. ఆ దశలో కుదింపు లేని వెతుకులాటనే వాడాలి. అప్పుడు ఆ అర్రే నిజంగా మారనిదవుతుంది, ఎన్ని థ్రెడ్లయినా నిర్భయంగా చదువుకోవచ్చు. ఒకే అర్రే మొదట పట్టీకొక యజమాని చేతిలో, తర్వాత హద్దులు కలిపే థ్రెడ్ ఒక్కదాని చేతిలో, ఆఖరున అందరి కళ్ల ముందూ కదలకుండా ఉంటుంది. కాలువ చివరి భూములకు వంతులవారీగా నీరు వదిలినట్టు, ఎవరి వంతులో వారే తూము ఎత్తాలి.

మూడో భాగం లెక్కింపు. చూడటానికి అన్నింటికన్నా తేలిక, నాకు అన్నింటికన్నా ఎక్కువ సిగ్గు తెచ్చినది కూడా ఇదే. చెరువుకొక లెక్కపెట్టె చొప్పున ఒక ఉమ్మడి అర్రే పెట్టి, ప్రతి థ్రెడ్డూ అటామిక్‌గా ఒకటి కలిపేలా రాశాను. ఎనిమిది థ్రెడ్లతో పట్టిన సమయం ఒక్క థ్రెడ్‌తో పట్టిన సమయం కంటే ఎక్కువ వచ్చింది. నది లెక్కపెట్టె మీద పోటీ ఒక కారణం. రెండో కారణం కంటికి కనిపించదు: మామూలు ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో కోర్లు మెమరీని 64 బైట్ల క్యాష్ లైన్లుగా ఇచ్చిపుచ్చుకుంటాయి, ఒక లైనులో 8 బైట్ల లెక్కపెట్టెలు ఎనిమిది పడతాయి. రెండు కోర్లు వేరువేరు చెరువులను లెక్కిస్తున్నా, ఆ లెక్కపెట్టెలు ఒకే లైనులో ఉంటే, ఒకరు రాసిన ప్రతిసారీ రెండోవారి దగ్గరున్న నకలు చెల్లకుండా పోతుంది. దీన్నే ఫాల్స్ షేరింగ్ అంటారు. ప్రోగ్రాములో తప్పు లేదు, ఫలితంలో తప్పు లేదు, కాలం మాత్రం హరించుకుపోతుంది.

మందు మామూలే. ప్రతి థ్రెడ్డూ తన సొంత లెక్కల పట్టికలో లెక్కించి, చివర అన్ని పట్టికలనూ కూడాలి. జావా 8లో వచ్చిన లాంగ్‌ఆడర్ లోపల చేసేది కూడా ఇదే తరహా పని: పోటీ పెరిగినప్పుడు ఒక్క సంఖ్యను అనేక గళ్లుగా విడగొట్టి, అడిగినప్పుడు కూడి చెబుతుంది. ఇక్కడ మార్పు ఉంది, వేగమూ ఉంది. పోయినదల్లా పంచుకోవడమే.

మీ సీనియర్ పక్షాన కూడా ఒక కేసు చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. రొయ్యలు కొనే ఒక సంస్థకు బిల్లుల సర్వర్ చేసిపెట్టాను. రొయ్యల ధర కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను) బట్టి ఉంటుందని మీకు తెలిసిందే, 30 కౌంటుకు ఒక ధర, 100 కౌంటుకు ఒక ధర. ఆ పట్టిక రోజుకు రెండు మూడుసార్లు మారేది, క్షణానికి ఎన్నో థ్రెడ్లు దాన్ని చదివేవి. మొదట ఒక మ్యూటబుల్ మ్యాప్ పెట్టి, ఒక్కో గడిని సురక్షితంగా మార్చే ఏర్పాటు చేశాను. ఏ గడికి ఆ గడి సరిగ్గానే ఉండేది. కానీ ఒకసారి ధరలు మారుతున్న క్షణంలో తయారైన బిల్లులో 40 కౌంటుకు పాత ధర, 50 కౌంటుకు కొత్త ధర పడ్డాయి. రైతు పట్టుకున్నాడు కాబట్టి తెలిసింది.

మొత్తానికి ఒక లాక్ వేయవచ్చు, కానీ చదివేవారందరూ ఆ లాక్ దగ్గర ఆగాలి. దానికి బదులు పట్టికను ఇమ్మ్యూటబుల్‌గా చేశాను: ధరలు మారినప్పుడు కొత్త పట్టికను పక్కన పూర్తిగా కట్టి, చివర ఒక్క పాయింటర్‌ను అటామిక్‌గా మార్చడం. బిల్లు మొదలుపెట్టిన థ్రెడ్ ఏ పట్టికను అందుకుందో చివరిదాకా దాన్నే చూస్తుంది. లాకులు లేవు, వేగం పెరిగింది, సగం పాత సగం కొత్త అన్న సమస్య పుట్టే అవకాశమే పోయింది. లినక్స్ కెర్నెల్‌లో 2002 నుంచి ఉన్న ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) పద్ధతి వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. చదివేవారు చాలామంది, రాసేవారు అరుదు అయిన చోట ఇమ్మ్యూటబుల్ పద్ధతి సురక్షితమే కాదు, తరచుగా అదే వేగవంతమైనది కూడా.

కానీ రాసేవారు కూడా చాలామంది అయితే ఆ పాయింటరే కొత్త నది అవుతుంది. పదహారు థ్రెడ్లు ఒకే పాయింటర్‌ను మార్చబోతే ఒకటి గెలుస్తుంది, మిగిలిన పదిహేను తాము కట్టుకున్న కొత్త నిర్మాణాన్ని పారేసి మళ్లీ కట్టాలి. డేటా మారనిదే అయినా పోటీ పోలేదు, ఒక్క చోటికి చేరింది, అంతే. చెత్త ఎత్తడం, అంటే వాడకం అయిపోయిన మెమరీని తిరిగి తీసుకోవడం, గురించి కూడా ఆలోచించాలి. హాస్కెల్ సాధారణ రన్‌టైమ్‌లో చిన్న చెత్త ఎత్తడానికి కూడా థ్రెడ్లన్నీ ఆగుతాయి. ఎర్లాంగ్‌లో ప్రతి ప్రాసెస్‌కూ సొంత హీప్ (మెమరీ భాగం) ఉంటుంది కనుక ఆ ఆగడం లేదు, దానికి బదులు సందేశం పంపినప్పుడల్లా సాధారణంగా నకలు తీయాలి.

మీరు భాష ఏదో చెప్పలేదు. పైథాన్ అయితే, మామూలు సీపైథాన్‌లో థ్రెడ్లకు జీఐఎల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడు నడపనిచ్చే లాక్) అడ్డు ఉంది కనుక యూనియన్-ఫైండ్ లూప్‌ను థ్రెడ్లతో వేగవంతం చేయలేరు. 3.13తో జీఐఎల్ లేని రూపం ప్రయోగాత్మకంగా వచ్చింది, కానీ ప్రాజెక్టు సమర్పణకు ముందు దాని జోలికి పోవద్దని నా సలహా. ప్రాసెస్‌లు వాడితే పట్టీలను నకలు తీసి పంపకుండా, 3.8 నుంచి ఉన్న షేర్డ్ మెమరీ సదుపాయంతో ఒకే చిత్రాన్ని అందరికీ చూపించండి. ఎంచుకునే వీలుంటే రస్ట్ భాష తీసుకోండి. ఒక వస్తువును చదివేవారు ఎందరైనా ఉండవచ్చు, లేదా మార్చేవారు ఒక్కరే ఉండవచ్చు, రెండూ ఒకేసారి కుదరవు అన్నది అక్కడ కంపైలరే పట్టుబట్టే నియమం. నేను కుదింపుతో కూడిన వెతుకులాట వల్ల రెండు రోజులు పడ్డ తిప్పలను రస్ట్ కంపైలర్ రెండు నిమిషాల్లో ఎర్ర అక్షరాలతో చెప్పేది.

ఎంత వేగం ఆశించాలో ముందే లెక్క వేసుకోండి. ఫైలు చదవడం, హద్దులు కలపడం వంటి సమాంతరం కాని పని మొత్తంలో పదో వంతు ఉంటే, ఆమ్‌డాల్ సూత్రం ప్రకారం ఎనిమిది కోర్లతో వచ్చేది 4.7 రెట్లే, ఎనిమిది రెట్లు కాదు. గైడుకు చూపించేటప్పుడు పోల్చవలసింది మీ సమాంతర ప్రోగ్రామునే ఒక్క థ్రెడ్‌తో నడిపిన సమయంతో కాదు. లాకులూ పట్టీలూ లేకుండా, శుభ్రంగా రాసిన మామూలు ఒంటి థ్రెడ్ ప్రోగ్రాముతో పోల్చండి. ముందు అది రాయండి. ఫలితాలు సరిచూసుకోవడానికి కూడా అదే పనికొస్తుంది.

సరిచూసేటప్పుడు చెరువుల గుర్తు సంఖ్యలను పోల్చవద్దు, పట్టీలు కలిసే తీరును బట్టి అవి మారవచ్చు. చెరువుల సంఖ్యనూ, విస్తీర్ణాలను క్రమంలో పేర్చిన జాబితానూ పోల్చండి. ఒకటి, మూడు, ఎనిమిది థ్రెడ్లతో అవి అక్షరాలా ఒకటిగా రావాలి. మొదటి పరీక్షకు మొత్తం పలక అవసరం లేదు. వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది చుట్టూ వెయ్యి వరుసలు, వెయ్యి నిలువులు కత్తిరించి, పట్టీకి 50 వరుసలు పెట్టి నడపండి. నది దాదాపు ప్రతి హద్దునూ దాటుతుంది, పాయలు మెలికలు తిరిగి దాటిన హద్దునే మళ్లీ దాటుతాయి. హద్దులు కలిపే భాగంలో తప్పుంటే అక్కడ నది రెండు ముక్కలుగా కనిపిస్తుంది.